ఓరుగల్లు కోటను అందరూ చూడాలంటే: చక్రాల కుర్చీతో, చంక కర్రలతో, తెల్ల కర్రతో వచ్చేవారి కోసం సమగ్ర మార్గదర్శి

కుటుంబమంతా కలిసి ఖిలా వరంగల్‌కు వస్తారు. వాళ్లలో ఒకరు నడవలేకపోతే, కీర్తితోరణాల గేటు దగ్గర తరచూ ఒక మాట వినిపిస్తుంది: "నువ్వు కార్లనే కూసో తాతా, మేం జల్ది చూసొస్తం." అందులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. కానీ తాత ఇంత దూరం వచ్చింది పార్కింగ్ చూడ్డానికి కాదు. ఆ మాట అనాల్సిన అవసరం రాకుండా ముందే ఏం చేసుకోవచ్చో, కోట దగ్గర ఏ వరుసలో తిరగాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదట ఒక విషయం గుర్తుంచుకోండి. ఇది యుద్ధాలు చూసిన కోట. దీని అసలు కథ కొండ మీద లేదు, ఎత్తయిన మేడ మీద కూడా లేదు. మట్టి కట్టలో, కందకంలో, రాతి గోడలో, దర్వాజాల మలుపుల్లో ఉంది. వీటిలో ఎక్కువ భాగం నేల మీద నుంచి, రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. మెట్లు ఎక్కలేని మనిషి ఈ కోటలో పోగొట్టుకునేది మనం అనుకునేదానికంటే చాలా తక్కువ.

1. ముందుగా కోట నక్షా మనసులో పెట్టుకోండి

కాకతీయ గణపతిదేవుడు, ఆయన కూతురు రుద్రమదేవి, ఆమె తర్వాత ప్రతాపరుద్రుడు, ఈ ముగ్గురి కాలంలో కోట ఈ రూపానికి వచ్చింది. బయట మట్టి కోట, దాని ముందు కందకం. లోపల రాతి కోట, దానికీ కందకం. రెండూ గుండ్రంగా ఒకదానిలో ఒకటి ఉంటాయి. నట్టనడుమ స్వయంభూ శివాలయం ఉన్న చోటు, దాని నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. తెలంగాణ రాజముద్రలో కనిపించేది ఈ తోరణమే. తోరణాలకు పడమటి వైపు, కూతవేటు దూరంలో ఖుష్ మహల్ అనే పాత దర్బారు భవనం. కాస్త అవతల ఏకశిల గుట్ట.

రాతి కోట దర్వాజాల గుండా ఇప్పుడు రోడ్డు పోతుంది. లోపల ఊరు ఉంది, ఆటోలు తిరుగుతాయి. వికలాంగులకు ఇది పెద్ద వరం. అన్ని కోటల్లాగా గేటు బయట బండి ఆపి కిలోమీటర్లు నడవాల్సిన పని ఇక్కడ లేదు. సైడ్ వీల్స్ బిగించిన స్కూటీ ఉన్నవారైతే ఎవరి సాయం లేకుండానే కోట చుట్టూ తిరిగి రాగలరు.

2. వెళ్లే మనిషినే అడగండి

చాలామంది ఈ పని వదిలేస్తారు. కొడుకు, కోడలు, మనవలు కూర్చుని తామే నిర్ణయించేస్తారు. అడగాల్సిన ప్రశ్నలు చిన్నవే. ఎంతసేపు కూర్చోగలరు? నాలుగడుగులు వేయగలరా, అసలు వేయలేరా? ఎవరైనా ఎత్తి మోస్తే పర్వాలేదా, ఇబ్బందిగా ఉంటుందా? బాత్‌రూమ్‌కు ఎంతసేపటికోసారి వెళ్లాలి? అన్నిటికంటే ముఖ్యం, ఏం చూడాలని ఉంది? కొందరికి శిల్పాలు కావాలి. కొందరికి యుద్ధం జరిగిన చోటు కావాలి. కొందరికి మనవలు ఫొటోలు దిగుతుంటే చూడటమే కావాలి. దాన్ని బట్టే దారి మారుతుంది.

ఎత్తి మోసే విషయంలో "వద్దు" అంటే అక్కడితో ఆపేయండి. నలుగురి ముందు మోయించుకోవడం ఇష్టం లేకపోవడం మొండితనం కాదు.

3. బాత్‌రూమ్ సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోండి

ప్రయాణం చెడేది రాళ్ల వల్ల కాదు, ఎక్కువగా దీనివల్లే. బాత్‌రూమ్ దొరకదన్న టెన్షన్‌తో నీళ్లు తాగడం మానేసి ఎండలో తిరిగేవాళ్లు ఎందరో. ఆడవాళ్లలో ఇది మరీ ఎక్కువ.

బయల్దేరే ముందు ఇంట్లో చక్రాల కుర్చీ వెడల్పు టేపుతో కొలవండి. చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు కొలవాలి. మామూలు మడత కుర్చీ సుమారు 65 సెంటీమీటర్లు ఉంటుంది, తోసే చేతికి కూడా చోటు కావాలి. ప్రమాణాల ప్రకారం తలుపు సందు కనీసం 90 సెంటీమీటర్లు, లోపల కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల ఖాళీ ఉండాలి. "మా దగ్గర వికలాంగుల టాయిలెట్ ఉంది" అని ఫోన్లో చెబితే సరిపోదు. తలుపు ఎంత వెడల్పు, గడప ఉందా, పట్టుకోవడానికి రాడ్డు ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని విడివిడిగా అడగండి. తాళం వేసి ఉండటం, లోపల చీపుర్లు, బకెట్లు పేర్చి ఉండటం మనవైపు మామూలే.

వరంగల్, హనుమకొండలో మీరు దిగే హోటల్‌కూ ఇవే ప్రశ్నలు. లిఫ్ట్ ఉందంటే, లిఫ్ట్ దాకా మెట్లున్నాయా అని కూడా అడగాలి. ఉదయం హోటల్లో, మధ్యాహ్నం మళ్లీ హోటల్లో, మధ్యలో కోటలో రెండున్నర గంటలు అని పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. కేథటర్ (మూత్రం గొట్టం), డైపర్ వాడేవారు ఒక జత అదనంగా, అడ్డం పట్టడానికి ఒక దుప్పటి పెట్టుకోండి.

4. కాలం, ప్రయాణం

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచిది. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. ఎండకు రాయి కాలుతుంది, కుర్చీ ఇనుము కూడా కాలుతుంది. వెన్నుపాము దెబ్బతిన్నవారికి దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు, ఒంటి వేడి దిగదు. మనకు ఉక్కపోతగా అనిపించేది వాళ్లకు ప్రమాదం కావచ్చు. వానాకాలంలో పచ్చిక మెత్తబడి చక్రాలు దిగబడతాయి, నాచు పట్టిన బండల మీద చంక కర్రలు జారతాయి. కర్రల అడుగున రబ్బరు బిరడాలు అరిగిపోతే వెళ్లేముందే మార్చండి.

రెండేళ్లకోసారి మేడారం జాతర జరిగే రోజుల్లో వరంగల్ దారులన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఆ వారం కోట పెట్టుకోవద్దు.

హైదరాబాద్ నుంచి రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్లు. రైల్లో వస్తే కాజీపేటలో కాకుండా వరంగల్ స్టేషన్‌లో దిగండి, కోటకు అదే దగ్గర. చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్లలో వికలాంగులకు వేరే బోగీ ఉంటుంది. అది రైలుకు ఏ చివర వస్తుందో ముందే కనుక్కుంటే ప్లాట్‌ఫామ్ మీద పరుగు తప్పుతుంది. రైల్వే రాయితీ కార్డు ఉన్నవారితో వచ్చే తోడు మనిషికీ చాలా సందర్భాల్లో రాయితీ వస్తుంది. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు ఒరిజినల్స్, జిరాక్సులు రెండూ దగ్గర ఉంచుకోండి.

ఆటో మాట్లాడుకునేటప్పుడు "కోట దగ్గర దించు" అనకండి. "రెండున్నర గంటలు మాతోనే ఉండాలె, చెప్పిన దగ్గరల్లా ఆపాలె" అని రేటు మాట్లాడండి. కింద చెప్పబోయే దారికి బండి పక్కనే ఉండటం అవసరం.

5. బయటి నుంచి లోపలికి రండి, శత్రువు వచ్చినట్టే

అందరూ నేరుగా తోరణాల దగ్గరికి పోతారు. మీరు అలా చేయకండి. మట్టి కోట దగ్గర మొదలుపెట్టండి. ఇది నేను గట్టిగా చెప్పే సలహా. ఎందుకంటే ఇలా వస్తే కోట ఎందుకు ఇలా కట్టారో దానంతట అదే అర్థమవుతుంది, పైగా సగం దారి బండిలోనే అయిపోతుంది.

మట్టి కోటను రోడ్డు చీల్చుకుని పోయే చోట, పక్కకు బండి ఆపించండి. చెట్లు, గడ్డి మొలిచిన పొడవాటి కట్ట కనిపిస్తుంది. తెలియనివాళ్లు చెరువు కట్ట అనుకుని దాటిపోతారు. 1310 జనవరిలో ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫర్ వచ్చి చుట్టుముట్టింది ఈ కోటనే. ఆ దండయాత్ర గురించి రాసిన అమీర్ ఖుస్రో, ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టి మట్టి గోడ అని దీన్ని వర్ణించాడు. ఆ ఏడాదే ప్రతాపరుద్రుడు ఏనుగులు, ధనం ఇచ్చి సంధి చేసుకున్నాడు. అంతకు ఏడేళ్ల ముందు, 1303లో, అల్లావుద్దీన్ ఖిల్జీ పంపిన మొదటి సేన కోట దాకా రాలేకపోయింది. ఇప్పటి కరీంనగర్ వైపు ఉప్పరపల్లి దగ్గర కాకతీయుల చేతిలో ఓడి వెనక్కి పోయింది. ఇదంతా బండిలో కూర్చునే చెప్పుకోవచ్చు. కట్ట ఎక్కాల్సిన పని లేదు.

తర్వాత రాతి కోట. కందకం దగ్గర మరోసారి ఆగండి. పెద్ద పెద్ద గ్రానైటు దిమ్మెలు సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. గోడ నుంచి ముందుకు పొడుచుకువచ్చిన బురుజులు వరుసగా కనిపిస్తాయి. ఇక్కడ కుర్చీ దింపడానికి ట్రాఫిక్ లేని చోటు చూసుకోండి.

దర్వాజా దగ్గరికి వచ్చాక ఒక మాట చెప్పి మరీ లోపలికి పోండి: దారి తిన్నగా ఉండదు. లోపలికి వచ్చి మలుపు తిరగాలి, మళ్లీ తిరగాలి. తలుపు బద్దలుకొట్టడానికి ఏనుగు పరుగెత్తుకు రాకుండా, వచ్చిన సేన వేగం తగ్గి నాలుగు గోడల మధ్య చిక్కుకునేలా ఇలా కట్టారు. బండి ఆ మలుపులు నెమ్మదిగా తిరుగుతుంటే కూర్చున్న మనిషికి ఈ సంగతి ఒంటితోనే తెలుస్తుంది. కాలినడకన వచ్చేవారికంటే వాళ్లకే ఇది బాగా తెలుస్తుందని నా నమ్మకం. దర్వాజా లోపల మాత్రం బండి ఆపకండి, రెండు వైపుల నుంచీ వాహనాలు వస్తాయి.

రాతి గోడకు లోపలి వైపు పైకి మెట్లున్నాయి. సైనికులు ఎక్కడికక్కడ గోడ మీదికి ఎక్కడానికి కట్టినవి. వీటికి పట్టుకోవడానికి ఏమీ లేదు. నడవగలిగినవారు ఎక్కి పైనుంచి వీడియో కాల్ చేయండి. కింద ఉన్న మనిషి చెబుతుండాలి, ఎటు తిప్పాలో, ఏది చూపించాలో. అప్పుడు ఆ చూపు వాళ్లది అవుతుంది.

ఆ తర్వాత కీర్తితోరణాల ఆవరణ. టికెట్ తీసుకునేచోట సిబ్బందితో ముందే మాట్లాడండి. ఏ వైపు నుంచి మెట్లు తక్కువ, ఏ గేటు వెడల్పుగా తెరుస్తారు అని అడగండి. తోరణాలు సుమారు 30 అడుగుల ఎత్తు, ఒకదానికీ ఎదురుదానికీ మధ్య వంద మీటర్లకు పైగా దూరం. నాలుగింటి దగ్గరికీ పోవాలనుకోకండి. గట్టి దారి ఉన్న తోరణం ఒకదాన్ని ఎంచుకుని అక్కడ తీరిగ్గా ఉండండి. నడిమధ్య ఒకప్పుడున్న ఆలయం కూలిపోయింది. దాని స్తంభాలు, దూలాలు, చెక్కిన రాళ్లు నేల మీదే వరుసగా పరిచి ఉంటాయి. గుడి పైకప్పు మీద ఉండాల్సిన చెక్కడం కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు వచ్చిన చోటు ఇది. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకున్నాక జరిగిన విధ్వంసం కథ ఇక్కడే చెప్పుకోవాలి. ప్రతాపరుద్రుణ్ని బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మదా తీరాన చనిపోయాడని విలస శాసనం చెబుతుంది.

ఖుష్ మహల్ బయటి నుంచి చూసినా బాగుంటుంది. కిందికి వచ్చేకొద్దీ మందమయ్యే వాలు గోడలు, ఎత్తయిన కమానులు. లోపలికి వెళ్లాలంటే గడప ఎత్తు చూసుకుని నిర్ణయించుకోండి. పైకప్పు మీదికి మెట్ల దారి అందరికీ కాదు. ఏకశిల గుట్టకు కూడా మెట్లే. కింద చెరువు గట్టు దగ్గర కూర్చుని చూడటం హాయిగా ఉంటుంది.

6. కుర్చీ తోసే చేతికి కొన్ని మెలకువలు

పచ్చిక, ఇసుక, కంకర వస్తే కుర్చీని వెనక్కి తిప్పి, ముందరి చిన్న చక్రాలు కాస్త పైకి లేపి, పెద్ద చక్రాల మీద వెనక్కి లాగండి. ముందుకు తోస్తే చిన్న చక్రం ఇరుక్కుని మనిషి ముందుకు పడతాడు. కోటలో జరిగే ప్రమాదాల్లో ఎక్కువగా జరగగలిగేది ఇదే. బెల్టు పెట్టడం మరచిపోవద్దు.

వాలు దిగేటప్పుడు మీరు కింద ఉండి, కుర్చీ వీపు మీ వైపు ఉండేలా వెనక్కి దించండి. మెట్టు ఒకటే ఉంటే, వెనక కింద ఉన్న గొట్టాన్ని కాలితో తొక్కి ముందు చక్రాలు లేపి ఎక్కించవచ్చు. మడత ర్యాంపు తెచ్చుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోండి: ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. ఆరంగుళాల మెట్టుకు ఆరడుగుల ర్యాంపు. అంతకంటే పొట్టిదైతే వాలు నిటారుగా ఉంటుంది, ఒక్కరే తోయలేరు.

ఎత్తాల్సి వస్తే చేతులు ఆనించే భాగాన్నీ కాళ్లు పెట్టే పలకనూ పట్టుకోకండి, ఊడి వస్తాయి. కదలని ఇనుప చట్రాన్నే పట్టాలి. ఎవరు "లేపు" అంటారో ముందే అనుకోండి. స్పర్శ లేనివారు పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఒంటి బరువు పక్కకు మార్చుకోవాలి. గతుకుల దారిలో పుండ్లు పడటం త్వరగా మొదలవుతుంది. మంచి మెత్త వేసుకోండి.

7. చూపు లేనివారితో

ఇంటి దగ్గరే ఒక పళ్లెంలో తడి మట్టితో కోట చేయండి. బయటి గుండ్రని కట్ట, దాని ముందు వేలితో గీసిన కందకం, లోపలి వలయంలో చిన్న రాళ్లు, నడుమ నాలుగు అగ్గిపుల్లల తోరణాలు. ఒక అట్ట మీద జనపనార తాడు అంటించి తోరణం ఆకారం వేరేగా చేయండి. కిందికి దిగిన రెండు స్తంభాలు, పైన అడ్డ దూలం, రెండు కొసల్లో హంసలు. పిల్లలకు ఈ పని అప్పగిస్తే సంతోషంగా చేస్తారు, పైగా చరిత్ర వాళ్లకే ముందు వస్తుంది.

కోటలో నడిపించేటప్పుడు వాళ్ల చేయి మీరు పట్టుకోకండి. మీ మోచేతిని వాళ్లు పట్టుకోవాలి, మీరు అరడుగు ముందుండాలి. మెట్టు వస్తే ఆగి, పైకా కిందికా చెప్పండి. "అదిగో అక్కడ" అనడం వల్ల లాభం లేదు. "మీ కుడి చేతికి రెండడుగుల్లో గోడ" అనండి. రాతి కోట గోడ అతుకుల మీద చేయి ఆనిస్తే, సున్నం లేకుండా ఎంత దగ్గరగా పేర్చారో వేళ్లకే తెలుస్తుంది. దర్వాజా లోపల, బండ్లు లేనప్పుడు, ఒకసారి చప్పట్లు కొట్టి గోడల ఎత్తు వినమనండి. శిల్పాలను ముట్టుకోవడానికి మాత్రం సిబ్బందిని అడిగి, ఉంగరాలు తీసి, పొడి చేతులతోనే తాకించండి. ఎందుకు అడుగుతున్నారో చెబితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

8. వినికిడి లేనివారితో, మానసిక ఎదుగుదల తేడా ఉన్న పిల్లలతో

వినపడనివారికి ఎక్కువగా ఎదురయ్యే అన్యాయం, గైడు అయిదు నిమిషాలు చెప్పింది ఇంటివాళ్లు అయిదు మాటల్లో తేల్చేయడం. 1303, 1310, 1323, ఈ మూడు ఏళ్లలో ఏం జరిగిందో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ముందే ఇవ్వండి. గైడు ముఖం మీద వెలుగు పడేలా నిలబెట్టండి. ఎండ ఆయన వీపు వెనక ఉంటే పెదాలు కనిపించవు. సైగల భాష తెలిసినవారు వెంట ఉన్నా, మాట్లాడేది వాళ్లతో కాదు, వినపడని మనిషితోనే.

కోటలో సాయంత్రం వేసే సౌండ్ అండ్ లైట్ షో చూపు లేనివారికి చాలా బాగుంటుంది. వినపడనివారికి ముందే కథ రాసి ఇవ్వకపోతే రంగు దీపాలే మిగులుతాయి. పెద్ద శబ్దానికి బెదిరే పిల్లలకైతే ఆ షో వద్దనే చెబుతాను. ఆ పిల్లలను వారం మధ్యలో, గేటు తెరిచిన వెంటనే తీసుకురండి. ఎక్కడికి పోతామో, తర్వాత ఏమిటో నాలుగైదు ఫొటోల్లో ముందు రోజే చూపించండి. వెనక్కి పోదాం అంటే వెంటనే పోయేలా బండి దగ్గర్లో ఉండాలి.

9. వేయి స్తంభాల గుడి, రామప్ప

రెండూ ఎత్తయిన అరుగు మీద కట్టినవే, మెట్లు తప్పవు. రామప్పలో అరుగు చుట్టూ కింద నుంచి తిరుగుతూ గోడ మీద ఏనుగుల వరుసనూ, చూరు కింద మదనికలనే స్త్రీ శిల్పాలనూ చూడొచ్చు. 2021లో యునెస్కో జాబితాలో చేరిన చోటు. వరంగల్ నుంచి అరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. కోటతో కలిపి ఒకే రోజు పెట్టుకుంటే కూర్చున్న మనిషి అలసిపోతారు. రెండో రోజుకు ఉంచండి.

10. లేని సౌకర్యం కోసం రాయండి

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఉన్న ప్రజా భవనాలను నిబంధనలు వచ్చిన అయిదేళ్లలో అందరికీ అందుబాటులోకి తేవాలని 45వ సెక్షన్ చెబుతుంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. అంటే గడువు 2022లోనే దాటింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరిగా పాటించాల్సినవి ఉండాలని తీర్పు ఇచ్చింది.

"పురాతన కట్టడం, ముట్టుకోకూడదు" అనే జవాబు వస్తుంది. అందులో నిజం ఉంది. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త కట్టుబడికి నిషేధం ఉంది, ఆ పైన రెండు వందల మీటర్లు అనుమతి కావాలి. అందుకే కట్టడానికి మేకు కూడా కొట్టనక్కరలేనివే అడగండి: తీసేయగలిగే చెక్క ర్యాంపు, తోరణం దాకా గట్టి దారి, టికెట్ కౌంటర్ దగ్గర వాడుకోవడానికి రెండు చక్రాల కుర్చీలు, చేత్తో తడిమే కోట నమూనా, తెలుగు బ్రెయిలీ పలక, తాళం వేయని వెడల్పాటి టాయిలెట్.

రాసేటప్పుడు "సౌకర్యాలు లేవు" అని ఒక్క వాక్యంలో రాస్తే ఒక్క వాక్యంలోనే జవాబు వస్తుంది. ఎక్కడ, ఎన్ని అంగుళాల మెట్టు, తలుపు ఎన్ని సెంటీమీటర్లు అని కొలిచి, టేపు కనిపించేలా ఫొటో తీసి జతచేయండి. కేంద్ర పురావస్తు శాఖ హైదరాబాద్ సర్కిల్‌కు ఒక ప్రతి, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఒకటి, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఒకటి ఇవ్వండి. కేంద్ర ప్రభుత్వ సుగమ్య భారత్ యాప్‌లోనూ ఫొటోలు పెట్టొచ్చు. జవాబు రాకపోతే, ఆ దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నారో పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో చెప్పాలి. ప్రజావాణిలో ఇచ్చే రశీదు మీద నంబరు ఉందో లేదో చూసుకుని, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత వేసే ప్రతి కాగితం మీదా ఆ నంబరు రాయాలి.